తాళం ఎవరికి వెయ్యాలి?

"ఆడవాళ్ళకి హాస్యం తెలియదు" అనే మాట మనం ఎన్నిసార్లు వినలేదు! అప్పడాల కర్ర పట్టుకున్న గయ్యాళి భార్య, చీరల పిచ్చి పెళ్ళాం, అత్తాకోడళ్ళ కొట్లాట. దశాబ్దాలుగా మన పత్రికల్లో కార్టూన్లంటే చాలావరకు ఇవే. వీటికి మనం నవ్వాలి. మనమే బొమ్మ గీసి మగవాళ్ళ పెత్తనాన్ని నవ్వులపాలు చేస్తే మాత్రం అది అసభ్యం! ఎన్నో ఏళ్ళపాటు తెలుగులో మహిళా కార్టూనిస్టు అనగానే 2015లో మరణించిన రాగతి పండరి పేరొక్కటే గుర్తొచ్చేదంటే మిగతావాళ్ళకి ప్రతిభ లేకనా? గీయబోయిన చేతుల్ని ఎక్కడికక్కడే ఆపేశారు.

నా చేతిని ఎలా ఆపారో చెప్తాను. మాది అప్పటి అనంతపురం జిల్లా ఆమడగూరు. 1993లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతూ, విద్యార్థులు నెలకోసారి సైక్లోస్టైల్ తీసే పత్రికలో నాలుగు గళ్ళ బొమ్మల కథ వేసేదాన్ని. అందులో సుబ్బక్క చెనక్కాయలు ఒలుస్తూ లోకాన్ని ఎగతాళి చేసేది. ఒక సంచికలో వార్డెన్ సాయంత్రం ఆరింటికే గేటుకి తాళం వేస్తుంది. "ఎందుకు మేడం?" అంటుంది ఓ పిల్ల. "బయట పోకిరీ మగపిల్లలుంటారు." ఆఖరి గడిలో సుబ్బక్క అంటుంది: "అట్లయితే తాళం వాళ్ళకి ఎయ్యల్ల గదా!"

ప్రతులన్నీ లాక్కున్నారు. "ఆడపిల్లవి, నీకీ వెటకారమెందుకు?" అన్నారు. అదే పత్రికలో అమ్మాయిల నడక మీద, జడల మీద నెలనెలా వచ్చే జోకులకి ఎవరూ సంజాయిషీ అడగలేదు. సుబ్బక్క మళ్ళీ అచ్చు కాలేదు.

సుబ్బక్క అడిగింది హక్కుల ప్రశ్న. 2015లో ఢిల్లీ విద్యార్థినులు 'పింజ్రా తోడ్' పేరుతో ఆ ప్రశ్నే లేవదీశారు. భద్రత సాకుతో హాస్టళ్ళలో ఆడపిల్లలకి మాత్రమే ఆంక్షలు పెట్టకూడదని 2016లో నోటిఫై అయిన యూజీసీ నిబంధనలు చెప్పాయి. యాజమాన్యాలు తమ నైతిక విలువల్ని విద్యార్థినుల మీద రుద్దకూడదని 2019లో కేరళ హైకోర్టు తీర్పిచ్చింది.

మరి మీ ఊరి కాలేజీ హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తున్నారు? మగపిల్లల హాస్టల్ గేటు ఎన్నింటికి? కార్యకర్తలుగా మనం ఈ రెండు వేళలూ రాసుకుని, యూజీసీ నిబంధన కాపీతో ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాలి. దాంతోపాటు బొమ్మలు గీసే అమ్మాయిల్ని వెతికి పట్టుకోవాలి. 1992లో దూబగుంట స్త్రీలని సారా మీద పోరుకి కదిలించిన వాటిలో అక్షరాస్యత వాచకంలోని ఓ చిన్న కథ కూడా ఉంది. మనమేమో లావుపాటి నివేదికలు వేసి బీరువాల్లో దాచుకుంటున్నాం! నాలుగు గళ్ళ బొమ్మని గోడకి అంటిస్తే చదువు రాని తల్లికీ అర్థమవుతుంది. గీసిన పిల్లని పిలిచి బెదిరిస్తే ఆమె పక్కన నిలబడడం సంఘాలుగా మన పని. 1993లో నా పక్కన ఎవరూ లేరు. ఇప్పుడు మనం ఉన్నాం.