పందెపు కారా, ఇంటి కారా?

బాలుర నోటుపుస్తకముల అట్టలపై తరచుగా కనబడునది పొడవైన ముక్కుతో నేలబారుగా నున్న స్పోర్ట్సు కారే. ఇంటివారందరు ఎక్కు చిన్న కారును ఎవ్వరును గీయరు. ఈ చిన్నచూపు న్యాయము కాదని నా అభిప్రాయము.

1950 ప్రాంతమున ఇంగ్లండులోని ఆబింగ్డన్ పట్టణమున తయారైన ఎం.జి. టి.డి. కారును చూడుడు. ఇంజను 1250 ఘన సెంటీమీటర్లు, శక్తి సుమారు 54 అశ్వబలము. చూడ ముచ్చటైన బండియే, కాదనను. కాని సీట్లు రెండే. తలుపులకు అద్దములు లేవు. వాన వచ్చినచో తెరలు తగిలించుకొనవలెను. పైకట్టు చట్రము కొయ్యది. (మన చెదలకు అది ఎంత ప్రీతియో చెప్పనక్కరలేదు!)

1983 డిసెంబరులో మన దేశమున రోడ్డెక్కిన మారుతి 800 ఇంజను 796 ఘన సెంటీమీటర్లే. శక్తి నలువది అశ్వబలమునకు లోపు. అయినను బండి తేలిక యగుటచే గరిష్ఠ వేగమున ఎం.జి.కి ఆట్టే తీసిపోదు. నలుగురు కూర్చుండవచ్చును, మన ఇండ్లలో నలుగురనగా ఆరుగురని అర్థము. వెనుక తలుపు పైకెత్తినచో రాగుల మూట పట్టును. అర్ధరాత్రి నొప్పులు పడు కూతురిని ధర్మపురి ఆసుపత్రికి చేర్చవలసి వచ్చినప్పుడు, రెండు సీట్ల బండిలో ఆమె వెంట తల్లికి చోటెక్కడ?

“పందెములో ఇది దానికి సాటియా?” అని బాలురు అడుగుదురు. అందులకు కోయంబత్తూరి ఎస్. కరివర్ధన్ గారు ఎన్నడో బదులు చెప్పిరి. ఈ ఇంటి కారు ఇంజనునే తీసి, ఒక్కరు కూర్చుండు పందెపు బండిలో అమర్చి, ఫార్ములా మారుతి అను తరగతికి రూపమిచ్చిరి. విదేశపు ఇంజను తెప్పించుకొను స్తోమత లేనివారికి అది పెద్ద మేలు. మారుతి విడిభాగములు ఊరూర దొరకును, దాని గుట్టు మెకానిక్కులందరికి తెలియును. చెన్నపట్టణము చేరువనున్న శ్రీపెరుంబుదూరు పందెపు బాటపై ఆ బండ్లు పరుగెత్తినవి. అట్టి బండితోనే పందెములు మొదలుపెట్టిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పందెములలో పాల్గొన్న తొలి భారతీయుడైనాడు. కరివర్ధన్ గారు 1995లో విమాన ప్రమాదమున మరణించిరి. కోయంబత్తూరు చెంతనున్న కరి మోటారు స్పీడ్‌వే ఆయన పేర వెలసినదే.

మారుతి 800 తయారీ 2014లో నిలిచినది. పాత బండ్లు మాత్రము మెకానిక్కు షాపులలో ఇంకను కనబడుచునే యున్నవి. బాలబాలికలారా, ఎప్పుడైన ఒకదాని బానెట్టు ఎత్తియుండగా చూచినచో, దగ్గర నిలిచి, ఆ మూడు సిలిండర్ల ప్లగ్గులను లెక్కించి రండు.