బావమరిది ఇంటర్వ్యూ చేస్తాడు, చట్టం బయట నిలబడుతుంది

గచ్చిబౌలిలో విదేశీ కంపెనీ అంటే అందరికీ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని అద్దాల మేడలే గుర్తొస్తాయి. వాటిలో కులం గురించి ఎంతో కొంత చర్చ ఉంది. అసలు చర్చే లేనిది పది, ఇరవై మందితో నడిచే చిన్న ఆఫీసుల గురించి. యజమాని టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటాడు. ఇక్కడ సగం అంతస్తు అద్దెకు తీసుకుని, సాయంత్రం నుంచి తెల్లవారుజాము దాకా అమెరికా టైముకు రిక్రూటర్లనీ బెంచ్ సేల్స్ వాళ్లనీ పనిచేయిస్తాడు. పెద్ద కంపెనీల క్యాంపస్ ఎంపికలు చేరని డిగ్రీ కాలేజీల నుంచి వచ్చిన మన పిల్లలు మొదట తట్టే తలుపులు ఇవే.

ఆ తలుపు ఎవరు తీస్తారో తెలియాలంటే 2013 కంపెనీల చట్టం చూడాలి. 149(3) సెక్షన్ ప్రకారం కంపెనీలో కనీసం ఒక డైరెక్టర్ ఏడాదిలో 182 రోజులు ఈ దేశంలో ఉండాలి. చట్టం అడిగింది నివాసం ఒక్కటే. కానీ అక్కడున్న తెలుగు యజమాని చెక్కుబుక్కు ఎవరి చేతిలో పెడతాడు? బావమరిది చేతిలో, లేదా బాబాయి కొడుకు చేతిలో. కులంలోనే పెళ్లిళ్లు జరిగే సమాజంలో బావమరిదిది ఏ కులమో విడిగా చెప్పాలా? ఇంటర్వ్యూలు చేసేదీ ఆయనే. ఖాళీ ఉందన్న కబురు ముందు ఆయన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ప్రకటన లేదు, దరఖాస్తు లేదు, కాబట్టి తిరస్కరణా లేదు. తిరస్కరణే లేనప్పుడు వివక్షను ఏం చూపించి రుజువు చేస్తాం?

పోనీ, ప్రకటన ఇచ్చిన చోట న్యాయం జరుగుతోందా? సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే అర్హతలకు వేర్వేరు పేర్లు పెట్టి ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపారు. అగ్రకుల హిందూ పేర్లతో పోలిస్తే దళిత పేర్లకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులే. తెలుగువాళ్లలో ఇంటిపేరు చాలాసార్లు ఒక్క అక్షరం వెనక దాక్కుంటుంది, నిజమే. దానికీ విరుగుడు ఉంది: "ఏ ఊరు? నాన్నగారు ఏం చేస్తారు?" ఢిల్లీలో హెచ్ఆర్ మేనేజర్లతో మాట్లాడిన సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్‌కు కూడా ఈ 'కుటుంబ నేపథ్యం' ప్రశ్నే ఎదురైంది. అడిగేవాళ్లు దాన్ని మెరిట్‌లో భాగం అనుకుంటారు.

ఇక చట్టాల సంగతి. 16(4) అధికరణం ప్రభుత్వ ఉద్యోగాలకే. అమెరికా పౌరహక్కుల చట్టంలోని ఏడో అధ్యాయం 15 మందికి తక్కువున్న సంస్థలను తాకదు. పైగా అమెరికా బయట పనిచేసే విదేశీయులకు దాని రక్షణ లేదు. సిస్కోలో కులవివక్షపై కాలిఫోర్నియా ప్రభుత్వం 2020లో దావా వేయగలిగింది, ఎందుకంటే బాధితుడు పనిచేసింది కాలిఫోర్నియాలో. అదే మాట గచ్చిబౌలిలో పడితే ఆ దారి లేదు. అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ ఉద్యోగానికి అడ్డుపడటాన్ని నేరాల్లో చేర్చింది. కానీ కేసు నిలబడాలంటే అడ్డుకున్న ఘటన కనబడాలి. ఇక్కడ కంపెనీయే పెట్టకుండా, మధ్యవర్తి సంస్థ జీతాల పట్టీలో మనుషుల్ని చేర్చుకునే పద్ధతి ఇంకోటి. ఎంపిక చేసేది ఒకరు, కాగితం మీద యజమాని ఇంకొకరు. ఫిర్యాదు ఎవరి మీద పెట్టాలి?

మన పాలకులకు 'లోకల్' అన్న మాట చాలా ఇష్టం. ఆంధ్రప్రదేశ్ 2019లో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని చట్టం చేసింది. ఆ లెక్కన బావమరిది చేర్చుకున్న ఇరవై మందీ స్థానికులే! రాత్రి అదే ఆఫీసు ఊడ్చే మనిషీ స్థానికురాలే, కాకపోతే ఆమె కాంట్రాక్టరు మనిషి. తెలంగాణ సర్వే రాష్ట్రంలో ఎస్సీలు 17.43 శాతం అని 2025లో తేల్చింది. ఈ ఆఫీసుల్లో ఎంత శాతమో ఎవరూ లెక్కపెట్టలేదు.

ప్రైవేటు రిజర్వేషన్ల పోరాటం ఎలాగూ సాగాలి. ఈలోగా పట్టుకోదగిన కొస ఒకటుంది. 1988 షాపుల చట్టంలోని పలు సెక్షన్ల నుంచి ఐటీ, ఐటీ ఆధారిత సంస్థలకు ప్రభుత్వం మినహాయింపులు ఇస్తూ వస్తోంది. అవి ఊరికే ఇచ్చేవి కావు. రాత్రి షిఫ్టు మహిళలకు రవాణా, భద్రత లాంటి షరతులుంటాయి. వాటి పక్కన ఇంకో రెండు చేర్చమని అడగాలి: ప్రతి ఖాళీనీ బహిరంగంగా ప్రకటించాలి, ఎంత మంది ఎస్సీ, ఎస్టీలు దరఖాస్తు చేశారో, ఎంత మందిని తీసుకున్నారో ఏటా కార్మిక శాఖకు చెప్పాలి. ఎవరి పేర్లూ అక్కర్లేదు, అంకెలు చాలు. చిన్న కంపెనీకి భారం అంటారు. 20 మంది లేదా అంతకు మించి ఉంటే నెలనెలా పీఎఫ్ లెక్కలు పంపుతున్నది ఆ కంపెనీలే.