లెక్కను పిల్లల చేతికి అందిద్దాం

వేసవి సెలవులు మొదలయ్యాయంటే మా మదరసా ప్రాంగణం కొత్త ముఖాలతో నిండుతుంది. ఏడాదంతా బడికి వెళ్ళే పిల్లలు ఈ నెలన్నర రోజులూ ఖుర్ఆన్ పఠనం, నమాజు, దుఆలు, మంచి నడవడిక నేర్చుకోవడానికి ఉదయాన్నే వస్తారు. మూడేళ్ళుగా ఈ వేసవి తరగతులలో చివరి గంటను మేము గణితానికి కేటాయిస్తున్నాము. ఆ గంటలో పుస్తకం ఉండదు, బెత్తం ఉండదు. ఒక తాడు, కొన్ని పళ్ళాలు, దారపు ఉండ, బుట్టెడు చింతగింజలు, ఒక కర్ర ఉంటాయి.

దీనిపై తల్లిదండ్రులు మమ్మల్ని రెండు ప్రశ్నలు అడుగుతూ ఉంటారు. "హజ్రత్, మదరసాలో లెక్కలెందుకు?" అన్నది మొదటిది. "బడిలో ఏడాదంతా చెప్పింది చాలదా, సెలవుల్లోనూ పిల్లలను సతాయించాలా?" అన్నది రెండవది. వీటికి జవాబు చెప్పే ముందు, మా చేతుల మీదుగా జరిగిన ఒక తప్పును పాఠకుల ముందు ఉంచడం న్యాయమని భావిస్తున్నాము.

ఇరవై యేళ్ళకు పైగా గడిచిన మాట. అప్పట్లో సాయంత్రాలు మేము పిల్లలకు ఎక్కాలు కూడా అప్పజెప్పించుకునేవాళ్ళము. తొమ్మిదేళ్ళ బాలుడొకడు పదమూడో ఎక్కంలో సగానికి వచ్చి ప్రతిరోజూ ఆగిపోయేవాడు. ఒకనాడు సహనం కోల్పోయి వాడి అరచేతిపై బెత్తంతో కొట్టాము. అంతటితో ఆగక, తోటి పిల్లలందరూ వింటుండగా "నీ బుర్రకు లెక్క ఎక్కదురా" అన్నాము. ఆ వారం తర్వాత వాడు మదరసాకు రాలేదు. కొన్నాళ్ళకు బడీ మానేశాడనీ, తండ్రి తాపీ పనిలో పెట్టాడనీ తెలిసినది. విచారించాము గానీ, ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు.

మూడేళ్ళ కిందట మా వుజూఖానాను తిరిగి కట్టించవలసి వచ్చినప్పుడు పని ఒప్పుకున్న మేస్త్రీ అతడే. మమ్మల్ని చూడగానే గౌరవంగా సలాము చేశాడు. పనిలో దిగిన తర్వాత మేము ఒక పక్కన కూర్చొని గమనించసాగాము. గోడ మూల దగ్గర మేకు పాతి, ఒకవైపు దారం మీద 3 అడుగులు, మరోవైపు 4 అడుగులు కొలిచి గుర్తులు పెట్టాడు. ఆ రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా 5 అడుగులు వచ్చేదాకా దారాన్ని జరిపి, "మూల కుదిరింది" అని కూలీలకు చెప్పాడు. నీళ్ళు నిలవకుండా కాలువకు ఎంత వాటం ఇవ్వాలో, గోడకు ఎన్ని ఇటుకలు పడతాయో కాగితం ముట్టకుండానే చెప్పాడు.

"ఇంత లెక్క ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగాము. అతడు ఆశ్చర్యంగా చూశాడు. "ఇది లెక్కా హజ్రత్? చేతిపని కదా! నాకు లెక్కలు రావు" అన్నాడు.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే మమ్మల్ని ఎక్కువ బాధించినది. బడిలో లంబకోణ త్రిభుజం పేరిట చెప్పే పాఠాన్ని ప్రతిరోజూ నేల మీద గీస్తున్న మనిషి, తనకు లెక్కలు రావని ఇరవై యేళ్ళుగా నమ్ముతున్నాడు. నమ్మించినది మేము. ఆ రోజే అతని చేయి పట్టుకొని మాఫీ కోరాము. అతడు తల వంచుకొని "మీరు ఉస్తాదులు, అలా అనకండి" అన్నాడు. ఆ వేసవి నుండే మా గణితపు గంట మొదలైనది.

తాడు, పళ్ళెం, దారం

మొదటి పాఠం మేస్త్రీ దగ్గర నేర్చుకున్నదే. పొడవైన తాడుపై సమాన దూరంలో గుర్తులు పెట్టి 12 భాగాలు చేస్తాము. రెండు కొసలూ కలిపి, ముగ్గురు పిల్లలు 3, 4, 5 భాగాల వంతున మూడు మూలలు పట్టుకొని బిగువుగా లాగితే, చిన్న భుజాలు రెండూ కలిసే చోట చక్కని మూల ఏర్పడుతుంది. ఇక ఆ తాడుతో పిల్లలు ప్రాంగణమంతా తిరుగుతారు. గుమ్మాలు, కిటికీలు, అరుగులు అన్నీ కొలుస్తారు. మేము పాఠం చెప్పే గదిలోనే ఒక మూల వంకరగా ఉన్నదని మొదటి ఏడు పిల్లలు కనిపెట్టారు. వారి సంతోషం చెప్పనలవి కాదు. అన్నేళ్ళుగా ఆ గదిలో కూర్చుంటున్న మాకు ఆ సంగతి తెలియదు.

రెండవ పాఠానికి వంటింటి సామాను చాలు. పళ్ళెం, గ్లాసు, గిన్నె మూత, ఏది గుండ్రంగా ఉంటే అది. అంచు చుట్టూ దారం చుట్టి కత్తిరించి, ఆ దారాన్ని పళ్ళెం అడ్డంగా నడిమధ్య నుండి పరచి ఎన్నిసార్లు వస్తుందో చూడమంటాము. మూడుసార్లు వచ్చి కొంచెం మిగులుతుంది. చిన్న గ్లాసుకూ అంతే, పెద్ద తాంబాళానికీ అంతే. "అన్నింటికీ ఒకేలా ఎందుకు మిగులుతుంది?" అని ఏ పిల్లవాడో తప్పక అడుగుతాడు. ఆ ప్రశ్న వాడి నోటి నుండి వచ్చేదాకా మేము పెదవి విప్పము. వచ్చిన తర్వాత సమర్ఖందులోని అల్ కాషీ గురించి చెబుతాము. ఆ మిగులు ఎంతో తేల్చడానికి ఆయన 1424లో చేసిన గణన దశాంశ బిందువు తర్వాత 16 స్థానాల వరకు సరిగ్గా ఉన్నది. మన దారం చూపిన 'కొంచెం' వెనుక ఇంత ఉన్నదా అని పిల్లలు నోరు తెరుస్తారు.

చింతగింజల వారసత్వం

మదరసాలో లెక్కలెందుకన్న ప్రశ్నకు జవాబు ఈ పాఠంలో ఉన్నది. జకాత్ అంటే నలభైలో ఒక వంతు. పిల్లలు 40 గింజలు పేర్చి ఒకటి పక్కన పెడితే, రెండున్నర శాతం అన్నమాట వారికి ఎన్నటికీ మరుపు రాదు. ఇక వారసత్వానికి వస్తే, దివ్య ఖుర్ఆన్ 'అన్నిసా' సూరా నిర్ణయించిన వాటాలు ఆరు భిన్నాలు: సగం, నాలుగో వంతు, ఎనిమిదో వంతు, మూడింట రెండు వంతులు, మూడో వంతు, ఆరో వంతు. భిన్నాలు రానివాడు న్యాయంగా ఆస్తి పంచలేడు. తొమ్మిదో శతాబ్దిలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రచించిన 'అల్ జబ్ర్' గ్రంథంలో పెద్ద భాగం వీలునామాలు, వారసత్వపు లెక్కలే. ప్రపంచమంతా నేడు బీజగణితాన్ని 'ఆల్జీబ్రా' అని పిలుస్తున్నది ఆ గ్రంథం పేరును బట్టే.

పిల్లల ముందు మేము ఉంచే సమస్య ఇది. ఒక వ్యక్తి మరణించాడు. అప్పులు, వీలునామా తీరిపోయాయి. తండ్రి ముందే గతించాడు. భార్య, తల్లి, ఒక కుమారుడు, ఒక కుమార్తె ఉన్నారు. సంతానం ఉన్నందున భార్యకు ఎనిమిదో వంతు, తల్లికి ఆరో వంతు. మిగిలినది కుమారునికి రెండు పాళ్ళు, కుమార్తెకు ఒక పాలు. పిల్లలకు 24 గింజలు ఇస్తాము. భార్యకు 3, తల్లికి 4 పోగా 17 మిగులుతాయి. ఆ 17ను మూడు పాళ్ళు చేయబోతే కుదరదు.

కిందటేడు ఇక్కడ ఆగిన ఒక బాలిక "హజ్రత్, గింజను పగలగొట్టాలా?" అని అడిగినది. అందరూ నవ్వబోతే వారించి, "పగలగొట్టకుండా దారి ఉన్నదేమో చూడమ్మా" అన్నాము. ఆమె బుట్టలో నుండి మరో 24 తీసుకొని మొత్తం 48తో మళ్ళీ మొదలుపెట్టినది. 6, 8 పోగా 34. అదీ మూడు పాళ్ళు కాలేదు. మరో 24 కలిపి 72 చేసినది. భార్యకు 9, తల్లికి 12, మిగిలినవి 51. కుమారునికి 34, కుమార్తెకు 17. ఒక్క గింజ మిగల్లేదు, ఒక్కటి తగ్గలేదు. వారసత్వ శాస్త్రంలో మేము 'తస్హీహ్' అని పేరు పెట్టి యువకులకు బోధించే పద్ధతిని ఆరో తరగతి చదివే పిల్ల తన చేతులతో కనుగొన్నది. 24 అన్నదే 8, 6ల క.సా.గు. అని తర్వాత చెబితే, "బడిలో చెప్పిన క.సా.గు. ఇదేనా!" అన్నది. "ఆడపిల్లకు ఇన్ని లెక్కలెందుకు" అనే పెద్దలకు మేము ఈ 17 గింజలనే చూపుతాము. తన వాటా ఎంతో లెక్కగట్టగలిగిన ఆడపిల్లను ఎవరూ తేలికగా మోసగించలేరు.

కర్ర నీడ చూపిన ఖిబ్లా

మే నెల 28వ తేదీ ప్రాంతంలో మక్కాలో మధ్యాహ్నమప్పుడు సూర్యుడు కాబా గృహానికి సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మన గడియారంలో అది మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలు. జులై 16 ప్రాంతంలో మళ్ళీ ఇదే జరుగుతుంది, అప్పుడు సమయం 2 గంటల 57 నిమిషాలు. ఆ క్షణాన సూర్యుడు ఉన్న దిక్కే ఖిబ్లా దిక్కు. సమతలంగా ఉన్న నేలపై కర్రను నిటారుగా నిలపాలి. నిటారుగా ఉన్నదో లేదో దారానికి రాయి కట్టి వేలాడదీసి సరిచూడాలి. నీడ కొస నుండి కర్ర మొదలు వైపు గీత గీస్తే, అది ఖిబ్లా వైపు సాగుతుంది. సూర్యుని వైపు నేరుగా చూడనివ్వకూడదు. ఎండ తీవ్రమైనది కనుక పది నిమిషాలలో ముగించి పిల్లలకు నీళ్ళు తాగించాలి.

ఆ గీత నేరుగా పడమరకు కాక కొంత ఉత్తరానికి వాలి ఉండడం పిల్లలను ఆలోచనలో పడవేస్తుంది. అప్పుడు బంతిపై మన ఊరికీ మక్కాకూ గుర్తులు పెట్టి, రెండింటి మధ్య దారం బిగించి చూపుతాము. గుండ్రని భూమిపై దగ్గర దారి ఎలా సాగుతుందో కళ్ళకు కడుతుంది.

ఇంట్లో పెద్దలు చేయవలసినది

ఈ పనులకు మదరసాయే అక్కరలేదు. సెలవు రోజున తల్లిదండ్రులు, అమ్మమ్మలు, తాతలు ఇంట్లోనే చేయించవచ్చు. మూడు జాగ్రత్తలు చాలు. జవాబును మనం ముందుగా చెప్పివేయకూడదు. తప్పు వచ్చినప్పుడు నవ్వకూడదు, నవ్వనివ్వకూడదు. గింజలను మరీ పసిపిల్లల నోటికి అందకుండా ఉంచాలి. ఇక సతాయింపు అన్న రెండో ప్రశ్నకు మేము వేరే జవాబు చెప్పనక్కరలేదు. గంట కొట్టిన తర్వాత కూడా గింజల చుట్టూ కూర్చున్న పిల్లలే చెబుతారు.

ఎక్కాలు కంఠస్థం చేయడం వద్దని మేము అనడం లేదు. కంఠస్థం మా మదరసాల ప్రాణం. అయితే చేయి తడిమి చూసిన లెక్క నోటికి త్వరగా ఎక్కుతుంది, చాలాకాలం నిలుస్తుంది.

ఈ వేసవిలో మేస్త్రీ తన కుమార్తెను మా తరగతులకు పంపాడు. ఆ పాప కూడా పదమూడో ఎక్కంలో తండ్రి ఆగిన చోటే ఆగినది. మేము ఏమీ అనకుండా గింజల బుట్ట ముందుకు జరిపాము. పాప వరుసకు 13 చొప్పున 7 వరుసలు పేర్చినది. ప్రతి వరుసలో పదింటిని ఒకవైపు, మూడింటిని మరోవైపు విడదీసినది. ఇటు 70, అటు 21. కాసేపు చూసి, "91" అన్నది. సాయంత్రం తీసుకుపోవడానికి వచ్చిన తండ్రికి ఆ వరుసలు చూపించినది. అతడు చెప్పులు విడిచి, నేల మీద కూర్చొని, వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు.

మన నోటి మాటతో ఏ పసి మనసునూ చదువుకు దూరం చేయకుండా ఉండే సహనాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.