పనిచేస్తది సార్!

ఇరవై ఏళ్ళుగా పిల్లలకు తెలుగు వ్యాకరణం చెబుతున్నాను. అయినా ఒక్క తద్ధర్మార్థక క్రియ నన్ను నిలువునా ముంచింది.

ఆ మధ్య ఒక ఆదివారపు సంతలో పాత జపాను కెమెరా కంటబడింది. యాషికా ఎలక్ట్రో 35. 1966లో పుట్టిన రకం. ఫిలిం వేసి తీసే రేంజ్‌ఫైండర్ కెమెరా. దాని కిటికీలో చూస్తే నడుమ బొమ్మ రెండుగా కనిపిస్తుంది. కటకం చుట్టూ ఉన్న రింగు తిప్పగా తిప్పగా రెండూ ఒకటవుతాయి. అప్పుడు మీట నొక్కాలి. అమ్మేవాడు నొక్కి చూపాడు. టిక్కుమంది. "పనిచేస్తది సార్!" అన్నాడు. కొన్నాను.

మా అమ్మ ఊరినుంచి వస్తే, వసారాలో కూర్చోబెట్టి ముప్ఫయ్యారు ఫొటోలూ ఆమెవే తీశాను. ఫిలిం కడిగిస్తే ఒక్కటీ పడలేదు. వెలుతురును బట్టి షట్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో ఆ కెమెరా బ్యాటరీ బలంతో నిర్ణయించుకుంటుందట. బ్యాటరీ లేకపోయినా టిక్కుమంటుంది గాని, ఎప్పుడూ సెకనులో అయిదువందలో వంతే. వసారా నీడకు ఆ రెప్పపాటు ఏ మూలకు? నా కెమెరాలో బ్యాటరీ గూడే తుప్పు తినేసింది.

ఆవు పాలిస్తుంది అంటే ఆవుల స్వభావం చెప్పినట్టు. ఈ ఆవు ఈ పూట చెంబు నింపిందని కాదు. నేను స్వభావం విని డబ్బిచ్చాను.

మొన్న మా జీడిమెట్లలోనే, కార్ఖానాలో లేతు మీద పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి ఇంట అదే రకం ఉందంటే వెళ్ళాను. అడగకముందే ఆయన కెమెరా వెనక తలుపు తీసి, టార్చి వేసి, కటకానికి బూజు లేదని చూపాడు. దూరపు నీళ్ళ ట్యాంకు కిటికీలో రెండుగా కనిపించి, రింగు చివరికి తిప్పగానే ఒకటయింది. ఫిలిం చుట్టే పిడి లాగితే లోపల 'టక్' మంది. ఆ చప్పుడు లేనిది కొనవద్దన్నాడు. పాతకాలపు 5.6 వోల్టుల పాదరసం బ్యాటరీ ఇప్పుడు దొరకదు కనక, 6 వోల్టులదానికి తానే ఇత్తడి బిళ్ళ చేసి అమర్చాడు. చీకట్లో నొక్కితే పసుపు దీపం వెలిగి, షట్టర్ తీరిగ్గా మూసుకుంది. తలుపు అంచున నురగ జిగటైందనీ, మార్పించుకోవాలనీ కూడా చెప్పాడు.

"ఇయ్యాలైతే పనిచేస్తున్నది సార్. రేపటి ముచ్చట నేను చెప్పలేను" అన్నాడు.

ఇంత శుద్ధమైన వర్తమానం నా క్లాసులో ఏనాడూ వినలేదు. బేరమాడకుండా కొనేశాను.

సంక్రాంతికి రమ్మని అమ్మకు ఫోను చేశాను. ఆమెకిప్పుడు డెబ్బయ్యెనిమిది. "ఈసారైనా ఫొటోలో పడతానురా?" అంది.

"పడతావమ్మా" అన్నాను. అనేసి నాలుక కరుచుకున్నాను. ఇదీ తద్ధర్మమే!