ఇంజనీరింగ్ పట్టా ఒక్కటే దారి కాదు

పదవ తరగతి ఫలితాలు వెలువడిన ప్రతి వేసవిలోనూ మన మొహల్లాలలో ఒకే మాట వినిపిస్తుంది: "మావాడికి లెక్కలు అంతంత మాత్రం, ఇంగ్లీషు రాదు, బీటెక్ చదివించే స్తోమత లేదు, కంప్యూటర్ ఉద్యోగాలు మనకెక్కడివి?" ఎందరో పిల్లల చదువు ఆ మాటతోనే ముగుస్తున్నది. ఆడపిల్ల అయితే ఆ ప్రశ్నే పుట్టదు. ఇందులో మూడు అపోహలున్నాయి.

మొదటిది, గణితంలో అసామాన్య ప్రతిభ ఉండాలన్నది. కృత్రిమ మేధ పరిశోధన వంటి శాఖలకు లోతైన గణితం కావలసిందే. కానీ వెబ్‌సైట్ల తయారీ, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, నెట్‌వర్క్ నిర్వహణ వంటి పనులకు ముఖ్యంగా కావలసినవి సమస్యను చిన్న చిన్న మెట్లుగా విడదీసే ఆలోచన, తప్పును వెతికే ఓపిక. మెకానిక్ షెడ్డులో ఒక్కొక్క భాగాన్నీ పరీక్షించి ఇంజన్ లోపాన్ని పట్టుకునే మన కుర్రవాడికి ఆ అలవాటు ఇప్పటికే ఉన్నది. 'అల్గారిథమ్' అనే మాట అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచి పుట్టిందని గర్వంగా చెప్పుకుంటాము. మెట్టు వెంట మెట్టుగా పని చేసే పద్ధతి అని దాని అర్థం కూడా పిల్లలకు చెప్పాలి.

రెండవది, ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడాలన్నది. ఆరంభానికి చదివి గ్రహించగల ఇంగ్లీషు చాలు. మాట్లాడడం సాధనతో అలవడుతుంది. ఐఐటీ బొంబాయి వారి 'స్పోకెన్ ట్యుటోరియల్' పాఠాలు తెలుగులోనూ ఉచితంగా లభిస్తున్నాయి.

మూడవది, బీటెక్ తప్ప దారి లేదన్నది. పదవ తరగతి తర్వాత పాలీసెట్ రాసి డిప్లొమాలో చేరవచ్చు. ఆపై ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండవ సంవత్సరంలో ప్రవేశించవచ్చు. ఉర్దూ మాధ్యమం పిల్లలకు హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం పాలిటెక్నిక్ నడుపుతున్నది. పట్టాకు విలువ లేదని మేము అనడం లేదు. చాలా సంస్థలు దానిని అడుగుతాయి. అలాగే మూడు నెలల కోచింగ్ సర్టిఫికెట్ ఉద్యోగం తెచ్చిపెడుతుందనే ప్రకటనలను నమ్మి అప్పులు చేయడమూ తగదు.

రిజర్వేషన్ల కోసం, స్కాలర్‌షిప్పుల కోసం పోరాడవలసిందే. అయితే దరఖాస్తు చేసేవారు లేనప్పుడు గెలుచుకున్న హక్కు కాగితం మీదనే మిగిలిపోతుంది. ప్రతి మస్జిద్ కమిటీ రెండు పాత కంప్యూటర్లు సమకూర్చి, ఆడపిల్లలకు ప్రత్యేక వేళలు కేటాయించి, ప్రవేశ దరఖాస్తులు నింపడంలో తోడ్పడితే చాలు. ఈ వేసవిలోనే ఆ పని మొదలుపెడదాము.