మెట్లు లేని మేడ

బాలానగర్ నుంచి మాదాపూర్‌కి పట్టుమని పదిహేను కిలోమీటర్లు ఉండదు. కానీ ఆ కాస్త దూరంలోనే మన ఆర్థికవ్యవస్థ చరిత్రంతా కనిపిస్తుంది. ఈ చివర మూతపడ్డ ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ. ఆ చివర 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన సైబర్ టవర్స్, దాని చుట్టూ లేచిన అద్దాల మేడలు.

ఒకప్పుడు హైదరాబాద్ అంటే ఫ్యాక్టరీల ఊరు. ఆల్విన్ ఫ్రిజ్‌లు, వాచీలు, హెచ్ఎంటీ, ప్రాగా టూల్స్, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్... పదో తరగతి తర్వాత ఐటీఐ చేసిన కుర్రాడు అప్రెంటిస్‌గా చేరేవాడు. ఫిట్టర్ అయ్యేవాడు. ఓపిక ఉంటే ఫోర్‌మన్‌గా రిటైరయ్యేవాడు. ఈలోపు పిల్లల్ని ఇంజినీరింగ్ చదివించేవాడు. ఆ పిల్లలే తర్వాత మాదాపూర్ మేడలెక్కారు!

మరి ఫ్యాక్టరీ ఎందుకు వెనకబడింది? సాఫ్ట్‌వేర్‌కి ఓ కంప్యూటరు, ఓ లైను, డిగ్రీ ఉన్న మనిషి చాలు. 1991లో ఏర్పాటైన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కులు దానికి దారి సుగమం చేశాయి. పన్ను మినహాయింపులూ దక్కాయి. వస్తువు తయారుచేయాలంటే అలా కాదే! భూమి కావాలి, రోడ్డు కావాలి, ఓడరేవు కావాలి, అనుమతుల కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి. అన్నిటికీ మించి ఆగని కరెంటు కావాలి. 2012లో మన రాష్ట్రంలో పరిశ్రమలకు ‘పవర్ హాలిడే’లు ప్రకటించిన సంగతి గుర్తుందిగా! దానికితోడు బొమ్మలు, రెడీమేడ్ దుస్తులు, తోలు చెప్పుల్లాంటివి చాలా ఏళ్లపాటు చిన్న పరిశ్రమలకే రిజర్వు చేశారు. ఉద్దేశం మంచిదే. కానీ అవే వస్తువులతో చైనా వేలమంది పనిచేసే ఫ్యాక్టరీలు కట్టుకుంటుంటే, మనవాళ్లు చిన్న షెడ్డులోనే ఉండిపోయారు. 1967లో మొదలైన ఆ రిజర్వేషన్ పూర్తిగా పోయింది 2015లో.

ఫలితం? జాతీయాదాయంలో సగానికి పైగా సేవారంగానిదే. తయారీరంగం వాటా ఆరో వంతు దగ్గరే ఆగింది. 2022 నాటికి దాన్ని 25 శాతానికి చేర్చాలన్న ‘మేకిన్ ఇండియా’ లక్ష్యం నెరవేరలేదు. దేశంలో పనిచేసేవాళ్లు 50 కోట్ల పైమాటే. అందులో ఐటీ ఉద్యోగులు నూటికి ఒక్కరు. నలభై మందికి పైగా ఇప్పటికీ పొలం మీదే ఆధారపడ్డారు. ఆ పొలానికి దక్కేది మాత్రం ఆదాయంలో అయిదో వంతుకన్నా తక్కువే.

ఐటీని తప్పుపట్టడానికేం లేదు. అది ఎన్నో మధ్యతరగతి ఇళ్లను నిలబెట్టింది. చిక్కల్లా డిగ్రీ లేనివాడితోనే. అద్దాల మేడ గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ గార్డు, క్యాబ్ డ్రైవరు, భోజనం మోసుకొచ్చే కుర్రాడు... వీళ్లదీ సేవారంగమే. కానీ ఏడేళ్లు బండి తోలినా ఎనిమిదో ఏడు అతను డెలివరీ బాయే. జీతం ఉంటుంది, పైకెక్కే మెట్టు ఉండదు.

ఫ్యాక్టరీ ఇచ్చేది జీతం ఒక్కటే కాదు, పనితనం కూడా. ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చిన కె.అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ ల్యాబ్స్ స్థాపించారు. అక్కడ పని నేర్చినవాళ్ల చలవవల్లే హైదరాబాద్ మందుల తయారీకి పేరుపడింది. ఫ్యాక్టరీ మూతపడినా విద్య మిగిలింది. రేపు ఓ డెలివరీ యాప్ మూతపడితే ఆ కుర్రాడి చేతిలో ఏం మిగులుతుంది?

ఆశ లేకపోలేదు. శ్రీసిటీలో 2015లో మొదలైన సెల్‌ఫోన్ల తయారీలో చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు పెద్దసంఖ్యలో చేరారు. అలాంటివి ఒకటీ అరా ఉంటే చాలవు. కరెంటు, రోడ్డుతో పాటు పనికొచ్చే ఐటీఐ కూడా ప్రతి జిల్లాలో ఉండాలి.

మేడ ఎంత ఎత్తుంటేనేం... కిందివాడు ఎక్కడానికి మెట్లు లేకపోతే!