బండి కొనే ముందు లోడు లెక్క చూడండి

ఈ మధ్య మన గ్రూపులో అందరిదీ ఒకటే ప్రశ్న. "ఊళ్లో తమ్ముడు సొంత బండి కొంటానంటున్నాడు, డబ్బు పంపనా అక్కా?" కొందరికి తమ్ముడైతే కొందరికి మరిది. నా మాట ముందే చెప్పేస్తాను: చాలామందికి కిరాయి బండే మేలు.

మా తమ్ముడి లెక్కే తీసుకోండి. రావులపాలెం మార్కెట్లో అరటి గెలలు కొని కాకినాడ షాపులకు వేస్తాడు. కిరాయి ట్రిప్పుకి 3,000. "ఏడాదికి ఎంత పోతోందో చూడక్కా, ఆ డబ్బుతో బండే వస్తుంది" అంటాడు. కిరాయి అంటే పోయిన డబ్బు, బండి అంటే ఆస్తి అని మన ఇళ్లల్లో ఒక నమ్మకం. కానీ బీరువాలో పెట్టిన బంగారం తిండి అడగదు. ఇంటి ముందు నిలబెట్టిన బండి రోజూ మేస్తుంది.

ఎంత మేస్తుందో చూడండి. బండి 9 లక్షలు. అందులో 2 లక్షలు నేను పంపాలి, 7 లక్షలు ఫైనాన్స్. అయిదేళ్లకు కిస్తీ నెలకు 15,000. డ్రైవరు జీతం 14,000. ఇన్సూరెన్సు, టాక్సు, టైర్లు, రిపేర్లు నెలల మీద పంచితే 7,000. మొత్తం 36,000. బండి కదిలినా కదలకపోయినా ఇది ఆగదు. ట్రిప్పు వేస్తే డీజిలు, బత్తా కలిపి ఇంకో 1,000. అంటే కిరాయితో పోలిస్తే ట్రిప్పుకి మిగిలేది 2,000. నెలకు 18 ట్రిప్పులు పడితేగాని లాభం నష్టం సమానం కావు.

"పుస్తకం చూసి చెప్పరా, ఎన్ని వేస్తున్నావు?" అన్నాను. మామూలు నెలల్లో పన్నెండు. శ్రావణం, కార్తీకంలో ఇరవై దాటుతాయి. పన్నెండు ట్రిప్పులకు కిరాయి 36,000. అదే సొంత బండికి 48,000. ఈ తేడా ఎవరి జీతంలోంచి వెళ్తుందో వేరే చెప్పాలా?

"నేనే తోలుకుంటా" అన్నాడు. మరి తెల్లారి మార్కెట్లో గెలలు ఏరేదెవరు? "బయటి లోడ్లు వేస్తా" అన్నాడు. అప్పుడు వాడు అరటి వ్యాపారి కాదు, ట్రాన్స్‌పోర్టు వాడు. లోడు వెతకాలి, బాకీలు వసూలు చేసుకోవాలి, కాకినాడ నుంచి ఖాళీగా రాకుండా తిరుగు లోడు పట్టాలి. అది ఇంకో వ్యాపారం. గొంతులో కొంచెం అలక వినిపించింది. ఉండనీండి.

బండి ఉంటే పని అదే వస్తుందనుకోవడం దగ్గరే పొరపాటు. ఆంధ్రలో 2021 జనవరిలో ఇంటింటికీ రేషన్ ఇవ్వడానికి 9,260 బండ్లు తెచ్చారు. బండి ఖరీదులో 60 శాతం సబ్సిడీ, ఆపరేటరు వాటా 10 శాతం, మిగతాది బ్యాంకు లోను. 2025 జూన్ 1 నుంచి రేషన్ మళ్లీ షాపులకే వెళ్లింది. పార్టీల గొడవ పక్కన పెట్టండి. లోడు ఇచ్చే చేయి ఒక్కటే అయినప్పుడు, ఆ చేయి ఆగితే బండి చూస్తూ నిలబడాల్సిందే.

ఇక్కడ అల్ రువైస్‌లో ఉన్నవాళ్లకు నేను చెప్పాలా? 2017 జూన్ 5న సౌదీ దారి మూసేశారు. లారీలు వచ్చే సాల్వా సరిహద్దు 2021 జనవరి దాకా తెరుచుకోలేదు. సరుకు మాత్రం ఆగలేదు, ఓడల మీద హమద్ పోర్టుకీ మన రువైస్ పోర్టుకీ వచ్చింది. సరుకు మనిషి దారి మార్చుకోగలడు. ఆ ఒక్క రోడ్డునే నమ్మి లారీ కొన్నవాడికి ఆ వీలు ఎక్కడిది?

కిరాయిలో బాధ లేదని నేననను. శ్రావణంలో బండి దొరకదు, దొరికినా రేటు పెంచేస్తారు. గెలలు మన కోసం ఆగవు, పండిపోతాయి. దానికి ఊళ్లో ఒక మంచి ఓనరుతో ఏడాదికి మాట్లాడుకోమన్నాను. మామూలు నెలల్లో పది ట్రిప్పులు తప్పకుండా నీకే, సీజన్లో ముందు మా గెలలే ఎక్కాలి అని. ఏడాది పొడుగునా నెలకు ఇరవై ట్రిప్పులు పుస్తకంలో కనబడిన రోజున నేనే డబ్బు పంపుతాను.

ఇప్పటికే పంపుదామని తేల్చుకున్నవాళ్లు ఒకటి చూసుకోండి. ఫైనాన్సు వాడి పేర, ఆర్సీ వాడి పేర ఉంటే మీ 2 లక్షలు ఏ కాగితంలోనూ ఉండవు. అప్పా, వాటానా, ఊరికే ఇచ్చిందా, ముందే రాసుకోండి. బ్యాంకు ద్వారానే పంపండి. అలాగని ఆర్సీ మీ పేర పెట్టించుకోవడానికి తొందరపడకండి. ఇన్సూరెన్సు కట్టడం మర్చిపోయిన నెలలో బండి ఎవరినైనా గుద్దిందంటే, నష్టపరిహారం కేసులో ఆర్సీలో ఉన్న ఓనరూ జవాబు చెప్పాలి. మీరు ఇక్కడ నైట్ డ్యూటీలో ఉంటారు, నోటీసు మాత్రం ఊళ్లో అమ్మ చేతికి వస్తుంది.